ఖాళీ వెంచర్ రోడ్డు నుంచి గువ్వలచెరువు ఘాటు దాకా: బండి మీద పట్టు సాధించే క్రమం

"ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామా అన్నా?" "ఘాటు రోడ్డులో మలుపు రాగానే చేతులు బిగుసుకుపోతున్నాయి, ఏం చేయాలి?" ఈ రెండు ప్రశ్నలూ నన్ను మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అడిగేవాళ్లలో కొత్తగా బండి కొన్న పిల్లలున్నారు, పదిహేనేళ్లుగా కడప నుంచి ప్రొద్దుటూరుకు రోజూ తిరిగే పెద్దవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ఒకే క్రమం పనికొస్తుంది. కాకపోతే కొత్తవాళ్లు నేర్చుకుంటే చాలు, పాతవాళ్లు ముందు కొన్ని అలవాట్లు వదిలించుకోవాలి.

గొర్రె అడ్డొచ్చిన క్షణంలో ఆలోచించే టైం ఉండదు. చేతికి ఏది అలవాటైతే అదే చేస్తుంది. అందుకే ఇక్కడ చెప్పేవన్నీ చదివి వదిలేసేవి కావు, ఖాళీ చోట పదేపదే చేయాల్సినవి. క్రమం మార్చకండి. నెమ్మదిగా నడపడం రాకుండా బ్రేకు సాధనకు, బ్రేకు రాకుండా మలుపులకు పోవద్దు.

1. ముందు మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

కింది వాటికి నిజాయితీగా జవాబు చెప్పుకోండి.

- కాలు కింద పెట్టకుండా మీ వీధిలో యూ టర్న్ తీయగలరా?
- ఆగాల్సి వచ్చినప్పుడు మొదట కదిలేది కాలా, కుడి చెయ్యా?
- 40 కిలోమీటర్ల వేగం నుంచి ఎన్ని మీటర్లలో ఆగగలరో మీకు తెలుసా?
- బ్రేకు నొక్కే ముందే క్లచ్ పట్టేస్తున్నారా?
- మలుపులో మీ చూపు ఎక్కడుంటుంది? ముందు చక్రం దగ్గరా, మలుపు చివరా?

రెండు మూడింటికి తడబడ్డారంటే అనుభవం ఎంతున్నా మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టండి. ఇంకా లైసెన్సు లేనివాళ్లు ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోండి. అది 6 నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక డ్రైవింగ్ టెస్టుకు వెళ్లొచ్చు. ఆ 30 రోజులూ ఈ సాధనకు వాడుకోండి.

2. ఒంటి మీద ఏముండాలి

హెల్మెట్‌కు ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 నంబరు ఉండాలి. అయితే గుర్తు ఉంటే సరిపోదు, తలకు పట్టాలి. పెట్టుకుని స్ట్రాప్ బిగించాక వెనక అంచును పట్టుకుని ముందుకు లాగి చూడండి. ఊడి వచ్చిందంటే పడ్డప్పుడు కూడా ఊడుతుంది. బుగ్గలు కొంచెం నొక్కుకుపోయినట్టు ఉండాలి. స్ట్రాప్‌కూ గడ్డానికీ మధ్య రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి ఎంత బాగా కనిపించినా మార్చేయండి, లోపలి థర్మోకోల్ ఒక్క దెబ్బకే పనికొస్తుంది.

పడేటప్పుడు ఎవరైనా మొదట అరచేతులే ఆనిస్తారు. కాబట్టి గ్లోవ్స్ తప్పనిసరి. చెప్పులు వద్దు, చీలమండ కప్పే బూట్లు వేసుకోండి. మందమైన జీన్స్, నిండు చేతుల జాకెట్ ఉండాలి. ఎండాకాలంలో ఇవన్నీ వేసుకుని సాధన చేయాలంటే పొద్దున 6 గంటలకు మొదలుపెట్టి 8 లోపల ముగించాల్సిందే. మన ఎండలో అలసిన శరీరం తప్పులే నేర్చుకుంటుంది.

3. బండికి పది నిమిషాలు

- టైరు గాలి: చైన్ కవర్ మీదనో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదనో అంటించిన స్టిక్కర్‌లో ఎంత ఉండాలో రాసి ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పది కిలోమీటర్లు నడిపి బంకుకు వెళ్తే ఎక్కువ చూపిస్తుంది.
- టైరు అరుగుదల: గాడుల మధ్య చిన్న గట్టులాంటి గుర్తులుంటాయి. టైరు అరిగి వాటి ఎత్తుకు దిగిందంటే మార్చాలి.
- చైన్: మధ్యలో వేలితో పైకి కిందికి కదిపితే ఎంత ఆడాలో మాన్యువల్‌లో ఉంటుంది. చాలా బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్లు. మరీ బిగుతైనా ప్రమాదమే.
- బ్రేకు లివర్: సీటు మీద కూర్చుని చేయి చాపితే ముంజేయి, వేళ్లు ఒకే గీతలో ఉండాలి. వేళ్లు పైకి ఎత్తి పట్టుకోవాల్సి వస్తుంటే లివర్‌ను కొంచెం కిందికి తిప్పించండి. మెకానిక్‌కు రెండు నిమిషాల పని.
- అద్దాలు: మీ మోచేతులు కాదు, వెనక రోడ్డు కనిపించాలి.

చైన్‌కు స్ప్రే కొట్టేటప్పుడు బ్రేకు డిస్కు మీద పడకుండా అట్టముక్క అడ్డం పెట్టండి. ఆయిల్ తగిలిన డిస్కు కీలకమైన సమయంలో పట్టదు. కొత్త టైరు వేయించినవాళ్లు మొదటి వంద కిలోమీటర్లు మెల్లగా పోవాలి, పైపొర జారుతుంది.

4. చోటు ఎంచుకోవడం

ఊరి చివర ప్లాట్లు వేసి, సిమెంటు రోడ్లు పోసి, ఇళ్లు కట్టకుండా వదిలేసిన వెంచర్లు కడప చుట్టూ చాలా ఉన్నాయి. సాధనకు ఇంతకంటే మంచి చోటు లేదు. కాపలాదారుకు చెప్పి, అనుమతి తీసుకుని వెళ్లండి. కాలేజీ గ్రౌండు అయితే నేల గట్టిగా ఉందో లేదో చూసుకోండి. హైవే సర్వీసు రోడ్డు మీద మాత్రం వద్దు.

తీసుకెళ్లాల్సినవి:

- ఇసుక సగం నింపిన ఖాళీ నీళ్ల బాటిళ్లు, పది
- గీతలకు ముగ్గుపిండి
- కంకర ఊడ్చడానికి చీపురు
- కొలతకు టేపు
- తాగడానికి నీళ్లు, కట్టు కట్టే సామాను
- తోడుగా ఒక మనిషి. ఒంటరిగా సాధన చేయొద్దు.

చీపురు చిన్న విషయం అనుకోకండి. సిమెంటు రోడ్డు మీద గుప్పెడు సన్న కంకర చాలు, ముందు చక్రం జారడానికి.

5. నడక వేగంలో నడపడం

వేగంగా పోవడం ఎవరికైనా వస్తుంది, వేగమే బండిని నిలబెడుతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు నిలబెట్టాల్సింది మీరు.

*మొదటి కసరత్తు:* 20 మీటర్ల గీత గీసి, దాని పక్కనే మనిషి నడిచే వేగంకన్నా మెల్లగా పోవాలి. మొదటి గేరు. క్లచ్ పూర్తిగా వదలకుండా, పూర్తిగా పట్టకుండా, ఇంజిన్ లాగడం మొదలుపెట్టే చోట ఉంచాలి. హాఫ్ క్లచ్ అంటామే, అదే. యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి అలాగే ఉంచండి. వేగాన్ని వెనక బ్రేకుతో మెత్తగా అదుపు చేయండి. పాదాలు ఫుట్‌రెస్టు మీదే ఉండాలి.

*రెండోది:* బాటిళ్లను 4 మీటర్లకొకటి వరసగా పెట్టి పాములా మధ్యలోంచి దూరడం.

*మూడోది:* రెండు బాటిళ్లను 10 మీటర్ల దూరంలో పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె వేయడం. కుదిరేకొద్దీ 8కి, తర్వాత 6కు తగ్గించండి.

ఎనిమిది వేసేటప్పుడు కిందపడే కారణాలు రెండే. ఒకటి, బాటిల్‌నే చూడటం. దాన్ని చూస్తే దాని మీదికే పోతారు. గడ్డం తిప్పి తర్వాత వెళ్లాల్సిన చోటును చూడండి, హ్యాండిల్ దానంతటదే తిరుగుతుంది. రెండోది, హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు పట్టడం. ఈ కసరత్తులో కుడిచేతి వేళ్లు లివర్ మీద పెట్టకండి.

స్కూటర్లవాళ్లకు ఒక మాట. క్లచ్ లేదు కాబట్టి యాక్సిలరేటర్ కొద్దిగా ఇస్తూ ఎడమ బ్రేకుతో అదుపు చేయాలి. అయితే కాంబి బ్రేకు ఉన్న స్కూటర్లలో ఎడమ లివర్ నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. అందుకే ఒక్క వేలితో, గుడ్డు పట్టుకున్నంత మెత్తగా నొక్కండి.

6. బ్రేకు: ఎక్కువ రోజులు ఇక్కడే ఉండండి

కొన్నేళ్ల కిందట ఎర్రగుంట్ల రోడ్డులో గొర్రెల మంద ఒక్కసారిగా తారు మీదికి ఎక్కింది. నా వేగం 50 ఉంటుంది. కాలితో వెనక బ్రేకు తొక్కేశాను. చక్రం లాక్ అయి, బండి వెనక భాగం పక్కకు తిరిగి, మార్జిన్ కంకరలో పడ్డాను. మోచెయ్యి, మోకాలు చర్మం లేచిపోయింది. లేచాక నాకు గుర్తున్నది ఒక్కటే: కుడిచేతి వేళ్లు నాలుగూ గ్రిప్పును బిగించి పట్టుకునే ఉన్నాయి. ముందు బ్రేకు లివర్ మీద ఒక్క వేలు కూడా పడలేదు. అప్పటికి నాకు పన్నెండేళ్ల అనుభవం.

బ్రేకు వేయగానే బండి బరువు, మన బరువు ముందుకు వాలుతాయి. ముందు టైరు నేలకు గట్టిగా అదుముకుంటుంది, వెనకది తేలికవుతుంది. కాబట్టి తారు రోడ్డు మీద ఆపే శక్తిలో చాలాభాగం ముందు చక్రానిదే. వెనక బ్రేకును మాత్రమే నమ్ముకుంటే బండి ఆగదు, జారుతుంది. ఇక పల్టీ భయం. మామూలు బండ్ల మీద ముందు బ్రేకుతో పడిపోయేవాళ్లలో చాలామంది బ్రేకు గట్టిగా పట్టినందుకు కాదు, ఒక్కసారిగా గుంజినందుకు, లేదా హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు పట్టినందుకు పడతారు.

ముందు బ్రేకు పిండే పద్ధతి ఇది. మొదట లివర్‌లోని ఖాళీ పోయేదాకా మెత్తగా లాగండి. ముందు ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే షాక్ గొట్టాలు) కిందికి దిగుతున్నట్టు తెలుస్తుంది. అవి దిగిన తర్వాత పట్టు పెంచండి. నిమ్మకాయ పిండినట్టు, మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. ఈ రెండింటి మధ్య సమయం సెకనులో కొంత భాగమే, కానీ అదే మిమ్మల్ని నిలబెడుతుంది.

సాధన మెట్లు:

1. 20 వేగం. ముందు బ్రేకు మాత్రమే. హ్యాండిల్ నిటారుగా. ఇరవై సార్లు.
2. 30 వేగం. రెండు బ్రేకులూ. చూపు దూరంగా. ఇరవై సార్లు.
3. 40 వేగం. ముగ్గుపిండి గీత దగ్గర బ్రేకు మొదలుపెట్టి, ఆగిన చోటును టేపుతో కొలవండి. రాసుకోండి.
4. మీ తోడు మనిషి చెయ్యి ఎత్తినప్పుడే ఆపాలి. ఎప్పుడు ఎత్తుతాడో మీకు తెలియకూడదు.

నాలుగో మెట్టులో మీ దూరం ఒక్కసారిగా పెరుగుతుంది. బాధపడకండి, అది మీ మెదడు స్పందించడానికి తీసుకున్న సమయం. 40 వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది, 60లో దాదాపు 17 మీటర్లు. మీరు చూసి చెయ్యి కదిపేలోపే ఆ దూరం అయిపోతుంది. బ్రేకు పట్టాక పట్టే దూరం వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. ఎండిన రోడ్డు మీద సాధన చేసిన చెయ్యి 30 నుంచి సుమారు 6 మీటర్లలో ఆపితే, 60 నుంచి ఆపడానికి సుమారు 24 మీటర్లు కావాలి. ముందు బండికీ మీకూ మధ్య ఎంత ఖాళీ ఉంచాలో ఈ లెక్కే చెబుతుంది.

తప్పులు, దిద్దుబాట్లు:

- వెనక చక్రం లాక్ అయి జారుతోంది: బండి నిటారుగా ఉంటే కాలు కొంచెం తేలిక చేయండి. అప్పటికే పక్కకు బాగా తిరిగిపోతే ఒక్కసారిగా వదలొద్దు, టైరు పట్టు దొరికి మిమ్మల్ని ఎగరేస్తుంది.
- ముందు చక్రం లాక్ అయింది: వెంటనే వదిలి, మళ్లీ మెత్తగా పిండండి.
- ముందే క్లచ్ పట్టేస్తున్నారు: ఇంజిన్ కూడా బండిని ఆపుతుంది. క్లచ్ చివర్లో, ఇంజిన్ ఆగిపోబోయే ముందు పట్టండి.
- చేతులు బిగుసుకుపోతున్నాయి: మోకాళ్లతో ట్యాంకును బిగించండి. బరువు చేతుల మీద నుంచి తొడల మీదికి మారుతుంది.
- ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పడినా చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) కొట్టుకుంటుంటే భయపడి వదిలేస్తున్నారు: లివర్ అదరడం అది పనిచేస్తోందనడానికి గుర్తు. పట్టు వదలకండి.

125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. మీది సింగిల్ చానెల్ అయితే అది ముందు చక్రానికే, వెనకది లాక్ అవ్వొచ్చు. ఏబీఎస్ ఉన్నా బండి వాలి ఉన్నప్పుడు బ్రేకు గుంజితే కాపాడదు.

7. మలుపు

వరుస ఇది: చూపు, బ్రేకు, గేరు, తోపు, యాక్సిలరేటర్. మలుపులోకి దిగకముందే మొదటి మూడూ అయిపోవాలి.

తోపు అంటే ఏమిటో చాలామందికి తెలియదు, తెలియకుండానే చేస్తుంటారు. వేగం 25 దాటాక బండిని కుడికి తిప్పాలంటే కుడి గ్రిప్పును ముందుకు నెట్టాలి. ఎడమకైతే ఎడమ గ్రిప్పు. వింటే తలకిందులుగా ఉంటుంది. వెంచర్‌లో వెడల్పైన చోట 30 వేగంలో పోతూ కుడి అరచేత్తో గ్రిప్పును కొంచెం ముందుకు నెట్టి చూడండి, బండి కుడికి వాలుతుంది. గుంతను తప్పించాలన్నా, మలుపులో ఇంకా వాలాలన్నా ఇదే దారి.

మలుపులో రోడ్డు రెండు అంచులు దూరంగా ఒక చోట కలిసినట్టు కనిపిస్తాయి. ఆ చోటు మీ నుంచి దూరం జరుగుతుంటే మలుపు తెరుచుకుంటోంది. అక్కడే ఉండిపోయినా, మీ వైపు వస్తున్నా మలుపు ఇంకా బిగుస్తోంది, వేగం తగ్గించండి.

కుడి మలుపులో మధ్య గీత పక్కన పోతే చక్రం మన వైపే ఉంటుంది కానీ, వాలిన తల అవతలి వైపుకు పోతుంది. ఎదురుగా లారీ వస్తే తగిలేది తలకే. అందుకే కుడి మలుపుల్లో మీ లేన్‌లో ఎడమ వైపున ఉండండి, అంచు కంకరను మాత్రం తప్పించుకుంటూ. ఎడమ మలుపులో లేన్ మధ్యలో ఉంటే ముందు దారి బాగా కనిపిస్తుంది.

లోపలికి వచ్చాక వేగం ఎక్కువైందనిపిస్తే? బ్రేకు గుంజొద్దు. మలుపు చివర చూడండి, లోపలి గ్రిప్పును ఇంకొంచెం నెట్టండి. బండి మనం అనుకున్నదానికంటే ఎక్కువ వాలగలదు. లోయనో రాతినో చూస్తే దాని మీదికే పోతారు.

దీన్నే ఇంకా లోతుగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు కడప నుంచి అందుబాటులో ఉన్న రేస్ ట్రాకు చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో ఉంది. శిక్షణ శిబిరాలు జరుగుతుంటాయి. కానీ ఆరో భాగంలోని బ్రేకు సాధన పూర్తి కాకుండా వెళ్లకండి.

8. మన రోడ్ల మీద కనిపెట్టి ఉండాల్సినవి

- ముద్దనూరు, ఎర్రగుంట్ల వైపు బూడిద, సిమెంటు, నాపరాళ్ల లారీలు ఎక్కువ. వాటి నుంచి రాలిన పొడి తారు మీద పరుచుకుని ఉంటుంది. నేల రంగు మారితే పట్టు మారిందని లెక్క.
- పంట కోతల కాలంలో కొర్ర, కంది, శనగ రోడ్డు మీదే ఆరబోస్తారు. దాని మీద బ్రేకు వద్దు, వాలొద్దు. ముందే వేగం తగ్గించి, నిటారుగా దాటండి.
- ఎండాకాలం తర్వాత పడే మొదటి వాన. దుమ్ము, ఆయిల్ కలిసి సబ్బులా ఉంటుంది. అరగంట ఎక్కడైనా ఆగండి.
- పొలంలోంచి ట్రాక్టర్లు ఎక్కే చోట ఎర్రమట్టి, నల్లరేగడి బురద.
- రాత్రి పూట వెనక లైటు లేని ట్రాలీలు. మీ హెడ్‌లైటు వెలుగులో ఆగగలిగినంత వేగమే పోవాలి. ఎదుటి లైటు కళ్లలో పడితే ఎడమ అంచు తెల్లగీతను చూడండి.

లారీని దాటాలంటే ముందు దాని అద్దంలో డ్రైవర్ ముఖం కనిపించాలి. మీకు కనిపించకపోతే మీరూ ఆయనకు కనిపించడం లేదు. దగ్గరగా అంటుకుని తొంగి చూడొద్దు. వెనక్కు ఉంటేనే ముందు రోడ్డు కనిపిస్తుంది.

9. ఘాటు రోజు

వెంచర్‌లో ఆరు వారాలైనా చేశాకే గువ్వలచెరువు ఘాటుకు వెళ్లండి. కడప నుంచి రాయచోటికి పోయే ఈ కొండదారిలో లారీల రాకపోకలు ఎప్పుడూ ఉంటాయి. తెల్లవారిన తర్వాత, ఎండ ముదరక ముందు బయలుదేరండి. మొదటిసారి వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు.

ఎక్కేటప్పుడు ఇంజిన్ ఇబ్బంది పడకముందే గేరు తగ్గించండి. మలుపు మధ్యలో గేరు మార్చే అవసరం రాకూడదు. బాగా వంపు తిరిగిన చోట లారీకి రోడ్డంతా కావాలి. పైనుంచి వస్తుంటే మలుపుకు ముందే ఎడమ పక్క ఆగి దాన్ని పోనివ్వండి. మీ ముందు ఎక్కుతున్న లారీకీ కొండకూ మధ్య సందు కనిపించినా దూరొద్దు. దాని వెనక చక్రాలు ఆ సందులోకే వస్తాయి.

గువ్వలచెరువులో పాలకోవా అంగళ్ల దగ్గర ఆగండి. పావుగంట కూర్చోండి, నీళ్లు తాగండి. చేతులు వణుకుతుంటే అవి తగ్గాకే తిరుగు ప్రయాణం.

దిగడమే అసలు పరీక్ష. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో, కొందరైతే ఇంజిన్ ఆపేసి దిగుతారు. దయచేసి ఆ పని చేయొద్దు. బండి బరువంతా బ్రేకుల మీద పడి అవి కాలిపోతాయి, వేడెక్కిన డ్రమ్ము బ్రేకు పట్టు వదిలేస్తుంది. ఎక్కడానికి ఏ గేరు వాడారో దిగడానికీ అదే గేరు. వేగాన్ని ఇంజిన్ పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుల ముందు మాత్రమే.

బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి:

- రెండు టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే సరిచూశారా?
- బ్రేకు లివర్ గ్రిప్పుకు తగలకముందే పట్టేస్తోందా?
- ఇంట్లో ఎవరికైనా దారి, టైం చెప్పారా?
- 108 నంబరు మీకు తెలుసు, మీతో వచ్చేవాళ్లకు తెలుసా? ఎవరైనా పడితే హెల్మెట్ లాగి తీయకూడదని తెలుసా?

కిందికి దిగాక పక్కకు తీసి ఆపండి. వెనక డ్రమ్ము దగ్గరకు అరచెయ్యి తీసుకెళ్లండి, ముట్టుకోవద్దు, బెత్తెడు దూరంలో ఉంచితే చాలు. గోరువెచ్చగా ఉంటే గేరుతో దిగారని అర్థం. సెగ కొడుతూ, కాలిన వాసన వస్తుంటే దారంతా కాలు బ్రేకు మీదే ఉందన్నమాట. డ్రమ్ము చల్లారేదాకా అక్కడే ఉండండి. వచ్చే ఆదివారం ఘాటు కాదు, మళ్లీ వెంచర్‌కే, ఆరో భాగంలోని బ్రేకు సాధన నుంచి.